ఆరో గడిలో రాయని జవాబు

పోయిన మంగళవారం టౌను ఆఫీసులో వేలిముద్రల కోసం గాజుపలక మీద పది వేళ్ళూ ఆనించి వచ్చిన దగ్గర్నుంచి బైండింగమ్మ మనసు మనసులో లేదు. వార్డులో ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్ళ ఇళ్ళకి రోజూ వెళ్ళి చూసొచ్చే వాలంటీర్లందరి పూర్వాపరాలూ పోలీసు రికార్డులతో సరిచూడాలని ఆఫీసువాళ్ళు కొత్తగా రూలు పెట్టారు. ఊరికే పెట్టలేదు. పక్క వార్డులో ఒక వాలంటీరు, మంచం దిగలేని ముసలమ్మ చేతి గాజులు ఊడలాక్కుని, ఆమెని గదిలో పెట్టి బయట గొళ్ళెం వేసి పోయాడు. రెండు రోజుల దాకా ఎవరూ చూడలేదు. అతను అంతకు ముందు అలాంటి పనులకే రెండుసార్లు జైలుకి వెళ్ళొచ్చినవాడని తర్వాత తెలిసింది.

రూలు కావాలా వద్దా అని మీటింగులో అడిగినప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తింది బైండింగమ్మే. ఎత్తేటప్పుడు ఆ ముసలమ్మ తప్ప ఆమెకి ఇంకేమీ గుర్తులేదు.

ఆ తర్వాత ఫారం వచ్చింది. ఆరో గడిలో ఒక ప్రశ్న ఉంది. 'గతంలో ఏ నేరానికైనా శిక్ష పడిందా?' అవును అని రాయడానికి చెయ్యి రాలేదు. లేదు అని రాయడానికి మనసొప్పలేదు. ఆ గడి ఖాళీగా వదిలేసి, సంతకం పెట్టి ఇచ్చేసింది.

ఈ మంగళవారం పొద్దున్నే ఫోను మోగింది.

"పదిన్నరకి సూపరింటెండెంటు మేడం రమ్మంటున్నారు. మీ కార్డూ, ఇళ్ళ తాళంచెవులూ పట్టుకురండి."

తాళంచెవులు అన్న మాటతోనే సంగతి తెలిసిపోయింది. ఇంకేమీ అడగలేదు.

ఆఫీసు వరండాలో బల్ల మీద తాపీ తాత కూర్చుని ఉన్నాడు. డెబ్భై దాటిన మనిషి. తన ఈడువాళ్ళనే పలకరించొచ్చే వాలంటీరు. ఆమెని చూసి రెండు అరచేతులూ తిప్పి చూపించాడు.

"నా వేళ్ళు మిషనుకి దొరకలేదట తల్లీ. యాభై ఏళ్ళు సిమెంటులో పెట్టిన చేతులు, గీతలన్నీ అరిగిపోయాయి. నేను దొంగనో దొరనో తేలలేదు కాబట్టి ఇంటికి పొమ్మన్నారు."

నవ్వుతూ చెప్పబోయాడు గానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "నా సంగతి సరే, నిన్నెందుకు పిలిచారు? నీ చేతులు బానే ఉన్నాయిగా?"

"బానే ఉన్నాయి తాతా. గీతలన్నీ ఉన్నాయి," అని లోపలికి వెళ్ళింది.

సూపరింటెండెంటుకి ముప్ఫై అయిదేళ్ళుంటాయి. కిందటేడు వాలంటీర్ల సభలో బైండింగమ్మ పేరు చెప్పి చప్పట్లు కొట్టించింది ఆవిడే. ఇవాళ ఆమె వచ్చేసరికి లేచి, తలుపు తనే మూసి, వచ్చి కూర్చుంది. పక్క బల్ల దగ్గర గుమాస్తా ఒక్కడే ఉన్నాడు. అతని ముందు వాలంటీర్ల రిజిస్టరు తెరిచి ఉంది. నీలం కాలికో గుడ్డ అతికించిన అట్ట, ఎర్ర అంచు, ఎనిమిది కుట్లు. ఆ రిజిస్టరు కుట్టింది బైండింగమ్మే. బడిపుస్తకాలూ ఆఫీసు రిజిస్టర్లూ బైండు చెయ్యడమే ఆమె బతుకుతెరువు.

"కూర్చోండమ్మా," అంది సూపరింటెండెంటు. "రిపోర్టు వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందటి కేసు ఒకటి చూపిస్తోంది. ఆస్పత్రిలో ఆయాగా పనిచేస్తూ, నిర్లక్ష్యం వల్ల ఒక రోగి చావుకి కారణమైనట్టు. రెండేళ్ళ శిక్ష. చూడండి, ఒకరి రికార్డు ఇంకొకరి పేరు మీదికి రావడం ఇప్పటికే రెండుసార్లు జరిగింది. ఇది మీరు కాదని ఒక్క మాట అనండి. తిప్పి పంపించేస్తాను."

"నేనేనండి."

"తొందరపడకండి. ఒకసారి సరిగ్గా..."

"నేనేనమ్మా. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు."

సూపరింటెండెంటు పెన్ను కింద పెట్టేసింది. బైండింగమ్మ అడక్కుండానే చెప్పింది. ఇన్నేళ్ళలో పరాయివాళ్ళ ముందు చెప్పడం ఇదే మొదలు. అయినా తడుముకోలేదు.

"ఆడవాళ్ళ వార్డులో ఒకావిడ దగ్గుతో చేరింది. దగ్గుమందు రెండు చెంచాలు పట్టమన్నారు. అలమారలో సీసా తీసి పట్టాను. అది దగ్గుమందు కాదు, ఒంటికి రాసే పైపూత మందు. రెండు గంటల్లో పోయింది. ఆవిడకి అయిదేళ్ళ కూతురు. సీసా మీది చీటీ చదివావా అని కోర్టులో అడిగారు. చదివానో లేదో నాకు నిజంగా గుర్తులేదండి. రోజూ చేసే పనే కదా. గుర్తులేదంటే తప్పించుకోవడానికి అన్నట్టుంటుందని, చదవలేదనే చెప్పాను."

"వకీలు లేడా?"

"ఉన్నాడు. ఒప్పుకుంటే తగ్గుతుందన్నాడు. తగ్గింది కూడా."

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "ఆరో గడి ఖాళీగా వదిలేశారు. లేదని రాసుంటే తప్పుడు సమాచారం కింద ఇంకో కేసయ్యేది. ఆ మాత్రం నయమే," అని ఊరుకోకుండా, "ఈ రూలుకి మొదట చెయ్యెత్తింది కూడా మీరే కదా," అన్నాడు.

"అవును. ఇప్పుడడిగినా ఎత్తుతానయ్యా. ఆ గదిలో రెండు రోజులు పడున్న మనిషిని ఆస్పత్రిలో నేను చూసొచ్చాను."

గుమాస్తా తల దించుకుని స్టేప్లరులో పిన్నులున్నాయో లేదో చూడసాగాడు.

అప్పీలు ఉంటుందని సూపరింటెండెంటు చెప్పింది. ముప్ఫై రోజుల గడువు. "కానీ మీకు ఆశ పెట్టను. మీరు ఎలాంటి మనిషి, ఇన్నేళ్ళు ఏం చేశారు, అవేవీ కమిటీ చూడదు. రికార్డు తప్పయితే కొట్టేస్తారు. రికార్డు నిజమైతే అంతే."

"రికార్డు నిజమేనండి."

తాళంచెవులు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. ఏడు. ప్రతి చెవికీ అట్టముక్క మీద ఇంటి నంబరు రాసి దారంతో కట్టి ఉంది. తొమ్మిదేళ్ళుగా రోజూ ఈ ఏడు ఇళ్ళకీ వెళ్తోంది. మాత్రలు వేసుకున్నారో లేదో చూడటం, స్టవ్వు ఆర్పారో లేదో చూడటం, గోళ్ళు కత్తిరించడం, ఒకరికి జడ వెయ్యడం, ఒకరితో పోట్లాడటం.

"ఇకనుంచి వాళ్ళ దగ్గరికి ఎవరు వెళ్తారండి?"

సూపరింటెండెంటు తాళంచెవుల్ని బల్ల మీద ఒక పక్కకి చేర్చింది. "వార్డు మొత్తం మీద నలుగురు మిగిలారు. ఇళ్ళు అరవై రెండు. ఏదో ఒకటి చెయ్యాలి." ఏం చెయ్యాలో ఆవిడకీ తెలియదని ఆ మాటలోనే ఉంది.

ఏడిళ్ళకీ ఉత్తరాలు సిద్ధంగా ఉన్నాయి. 'మీ ఇంటికి వచ్చే వాలంటీరు తనిఖీలో అనర్హురాలిగా తేలినందున' అని మొదలవుతాయి. బైండింగమ్మ వాటిలో ఒకటి తీసి చూసింది.

"ఇది టైపు మాస్టారిది. ఆయనకి చూపు లేదు కదండీ. ఆయన ఉత్తరాలన్నీ చదివిపెట్టేది నేనే."

గుమాస్తా కూడా తలెత్తి చూశాడు.

"నేనే వెళ్ళి చెప్తానమ్మా. ఒక్కసారి. ఆయన పరాయి గొంతు వింటే తలుపు తియ్యడు."

సూపరింటెండెంటు ఆ ఉత్తరం ఆమె దగ్గరే ఉండనిచ్చింది. "వెళ్ళండి. కానీ గడప దాటకండి. ఎవరైనా చూసి రాసి పెట్టారంటే నా ఉద్యోగానికొస్తుంది. దయచేసి."

"దాటనండి."

టైపు మాస్టారు ఉండేది పాత క్వార్టర్ల చివర, కింది వాటాలో ఒంటిగది. ఒకప్పుడు కోర్టులో టైపిస్టు. రిటైరయ్యాక టైపు నేర్పే ఇన్‌స్టిట్యూటు పెట్టాడు. ఊళ్ళో సగం మంది గుమాస్తాలు ఆయన దగ్గర స్కేలు దెబ్బలు తిన్నవాళ్ళే. భార్య పోయింది, పిల్లల్లేరు, ఆ తర్వాత చూపు పోయింది. బైండింగమ్మ పేపరు చదువుతుంటే, "బస్సు కండక్టరు స్టాపులు పిలిచినట్టు చదువుతావేం? కామా దగ్గర ఊపిరి తీసుకో," అని కసురుతాడు. ఒక్కరోజు ఆలస్యమైతే వీధి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు.

ఇవాళ అలాగే కూర్చుని ఉన్నాడు.

"పన్నెండయింది. పేపరు పాతబడిపోయింది," అన్నాడు అడుగుల చప్పుడు వినగానే. "లోపలికి రా."

"రాకూడదండి మాస్టారూ. ఇక్కడే నిలబడి చెప్తాను."

ఉత్తరం పైనుంచి కింద దాకా చదివింది. కామా దగ్గర ఊపిరి తీసుకుంది. చదవడం అయిపోయాక ఎందుకు అనర్హురాలో తనే చెప్పబోయింది.

"తెలుసు," అన్నాడు మాస్టారు.

"ఆఫీసువాళ్ళు చెప్పారా?"

"ఎవరూ చెప్పలేదు. మొదటి రోజు ఈ గుమ్మంలోనే నిలబడి ఇంటిపేరుతో సహా నీ పేరు చెప్పావు. ఒకసారి టైపు చేసిన పేరుని నా వేళ్ళు మర్చిపోవమ్మా. నీ కేసు కాగితాలు టైపు చేసింది నేనే. తీర్పు కూడా."

బైండింగమ్మ తలుపు చట్రాన్ని పట్టుకుంది. ఆ కోర్టు హాల్లో ఓ మూల ఎప్పుడూ టకటకమని చప్పుడయ్యేది. ఆ మిషను వెనక మనిషి ముఖం ఆమె చూడనే లేదు.

"తెలిసీ తొమ్మిదేళ్ళు ఇంట్లోకి రానిచ్చారా? నా చేత్తో మాత్రలు వేసుకున్నారా?"

"వేసుకున్నాను. ఎందుకంటే ఆ సీసా సంగతి నాకు నీకంటే బాగా తెలుసు." మాస్టారు కుర్చీలో ముందుకి వంగాడు. "నీ కేసులో ఒక వాంగ్మూలం పొద్దున పదకొండింటికి టైపు చేశాను. మధ్యాహ్నం మూడింటికి ఆ మనిషే తిరిగొచ్చి, నేనలా చెప్పలేదు, తీసెయ్యండి అన్నాడు. పెద్ద గుమాస్తా తీసెయ్యమన్నాడు, నేను చింపేశాను. అసలు ప్రతి చింపేశాను గానీ కార్బను కాపీ చింపలేదు. ఎందుకంటే చెప్పలేను. బహుశా వాడు చెబుతున్నప్పుడు రెండుసార్లు ఆగి ఏడ్చాడు, అందుకేమో."

"ఎవరండీ?"

మాస్టారు జవాబు చెప్పకుండా లేచాడు. గోడ తడుముకుంటూ లోపలికి నడిచాడు. గది ఆమెకి అరచేతిలో గీతలా తెలుసు. ఇనపబీరువా ముందు ఉన్న స్టూలు ఆయనకి మోకాలికి తగులుతుందని తెలుసు. తగిలింది. ఆయన ముందుకి తూలి బీరువా పిడి పట్టుకుని ఆగాడు. ఆమె కాలు గడప మీదికి లేచి, మళ్ళీ వెనక్కి దిగింది.

"ఎడమ పక్కకి జరగండి మాస్టారూ. స్టూలు పక్కకి నెట్టండి. ఆ, అలా."

"కింది అరలో ఫైళ్ళుంటాయి. వాటి అడుగున."

"నెమ్మదిగా కూర్చోండి. కిందికి. ఇంకా కిందికి."

ఆయన నేలమీద చతికిలబడి, దుమ్ములో చేతులు పెట్టి ఒక్కొక్క ఫైలూ పైకి తీశాడు. మొదట తెచ్చి ఇచ్చినవి పెన్షను కాగితాలు. ఆమె కాదని చెప్పింది. మళ్ళీ వెళ్ళాడు. రెండోసారి తెచ్చినవి ఇన్‌స్టిట్యూటు హాజరుపట్టీలు. మూడోసారి ఎగశ్వాసతో గుమ్మం దాకా వచ్చి, నాలుగు మడతల పల్చటి కాగితం ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. నీలం అక్షరాలు అలుక్కుపోయినా, చదవడానికి వీలుగానే ఉన్నాయి.

పైన ఒక వరుసలో ఇలా ఉంది. 'సాక్షి: ఆస్పత్రి కాంపౌండరు. ముద్దాయికి తోడబుట్టిన అన్న.'

ఆమె ఆ వరుస దగ్గరే చాలాసేపు ఆగిపోయింది. తర్వాత మిగతాది చదివింది.

'ఆ రోజు ఖాళీ సీసాలు తక్కువపడ్డాయి. పెద్ద డబ్బాలోంచి పైపూత మందు తీసి, దగ్గుమందు చీటీ ఉన్న సీసాలో నేనే పోశాను. చీటీ మార్చడం మరిచిపోయాను. మా చెల్లెలు చీటీ చదివినా దగ్గుమందనే ఉంటుంది. తప్పు తనది కాదు. ఈ సంగతి నేను ఆ రోజు సాయంత్రమే మా'

కాగితం అక్కడితో అయిపోయింది. మిగతాది రెండో పేజీలో ఉండాలి.

"చదువుతున్నావా?" అన్నాడు మాస్టారు.

"చదివానండి."

ఆస్పత్రిలో ఆ ఉద్యోగం ఇప్పించింది అన్నయ్యే. కోర్టులో ఒక్క వాయిదాకీ ఆమెకి కనబడలేదు. పరువు పోతుందని భయపడ్డాడు పాపం అనుకుంది. జైలు గేటు దగ్గరికి వచ్చి తీసుకెళ్ళింది మాత్రం అతనొక్కడే. వీధిగది ఇచ్చి, బైండింగు పని నేర్పించి, వదినతో మాట పడకుండా కాపాడి, ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడం అతని మంచితనమనుకుంది. తల్లిని పోగొట్టుకున్న ఆ అయిదేళ్ళ పిల్ల కోసం ఈ ముప్ఫై ఒక్క ఏళ్ళూ తనలో తను కుమిలిపోయింది. ముసలివాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది కూడా అందుకే.

"ఒక్కమాట చెప్పండి మాస్టారూ," అంది. "తొమ్మిదేళ్ళు నాచేత పేపరు చదివించుకున్నారు. ఒక్కరోజు... ఒక్క ఆదివారం నాడైనా ఇది చెప్పలేకపోయారా?"

"చెబితే నువ్వు మళ్ళీ రావేమో అనుకున్నాను."

ఆమె గడప నుంచి ఒక అడుగు వెనక్కి వేసింది.

"అంతేనమ్మా. పెద్ద కారణమేం కాదు. నువ్వొచ్చేది గంటసేపు. మిగతా ఇరవై మూడు గంటలూ ఆ గంట కోసం చూసేవాణ్ణి. ఇది చేతికిస్తే నువ్వు నీ గొడవలో పడిపోతావు, నా గుమ్మం తొక్కవు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. ఇవాళ ఎలాగూ రానన్నావు కాబట్టి చెప్పాను. తిట్టు."

తిట్టడానికి కూడా ఆమెకి ఓపిక లేకపోయింది. "ఇది కమిటీలో పనికొస్తుందా?" అని మాత్రం అడిగింది.

ఆయన కోర్టులో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి. మెత్తగా చెప్పడం ఆయనకి రాదు. "సంతకం లేని కార్బను కాపీ. వెనక్కి తీసుకున్న వాంగ్మూలం. జడ్జీగారు పోయారు. పెద్ద గుమాస్తా పోయాడు. ఆస్పత్రి పడగొట్టి దుకాణాలు కట్టారు. నేను చూద్దామంటే కాగితం నాకు కనబడదు. దీన్ని నిజమని చెప్పగలిగినవాడు ఒక్కడే బతికున్నాడు. వాడు వచ్చి కమిటీ ముందు చెప్పాలి. నేను చంపాను, నా చెల్లెల్ని జైలుకి పంపాను అని ఈ వయసులో చెప్పాలి. చెబుతాడా?"

ఆమె కాగితం మడిచి రవికలో పెట్టుకుంది.

"రేపట్నుంచి ఎవరొస్తారు?" అన్నాడు మాస్టారు. ఆ ప్రశ్నకోసమే ఇంతసేపూ ఆగినట్టు ఉంది.

"ఎవరో ఒకరు వస్తారండి. కొత్త గొంతయినా తలుపు తియ్యండి. తెల్లమాత్ర పొద్దున, గుండ్రటి చిన్నమాత్ర రాత్రి. అది మాత్రం మీరే గుర్తుపెట్టుకోండి."

"రారు కదూ?"

"నలుగురే ఉన్నారు మాస్టారూ," అని గుమ్మం ముందు మెట్లు దిగింది.

ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర. వీధిగదిలో అన్నయ్య ఆమె పీట మీద కూర్చుని బడి రిజిస్టర్ల దస్తాలకి దారం ఎక్కిస్తున్నాడు. భార్య పోయిన దగ్గర్నుంచి పొద్దుగడవక ఈ పనిలో చెయ్యి వేస్తుంటాడు. కుట్లు వంకర పోతాయి. అతను లేచి వెళ్ళాక ఆమె విప్పి మళ్ళీ కుడుతుంది. ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

"ఏమన్నారు చిన్నీ ఆఫీసులో?" అన్నాడు తలెత్తకుండానే.

"తీసేశారు అన్నయ్యా. ఆ పాత కేసు బయటికొచ్చింది."

సూది ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది. "పోనీలే. నీకు మాత్రం ఓపికెక్కడుంది? ఇంటిపట్టున ఉండు. వాళ్ళకి నీ విలువ తెలియదు." అతని మాట ఎప్పటిలాగే మెత్తగా ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఆమెని నిలబెట్టింది ఆ గొంతే.

"కమిటీకి అప్పీలు పెట్టుకోవచ్చట. రికార్డు తప్పయితే కొట్టేస్తారట."

"రికార్డు తప్పేముంది? జరిగింది జరిగింది. ఇప్పుడు తవ్వుకుని ఏం లాభం?"

అతను ఆ మాట అంత తేలిగ్గా అనకుండా ఉంటే ఆమె కాగితం తీసేది కాదేమో. దారిపొడుగునా దాన్ని చింపి కాలవలో వెయ్యాలనే అనుకుంది. ఈ ఇల్లు తప్ప ఆమెకి ఇంకో చోటు లేదు. ఈ మనిషి తప్ప ఇంకో మనిషి లేడు. ఈ రెండూ పోతే మిగిలేది మచ్చలేని పేరు. ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరూ ఉండరు.

కాగితం తీసి, జిగురు గిన్నె పక్కకి జరిపి, అతని ముందు పరిచింది.

అన్నయ్య కళ్ళజోడు సరిచేసుకున్నాడు. చదవడానికి ఎక్కువసేపు పట్టలేదు. చాలాకాలంగా ఎదురుచూస్తున్న ఉత్తరం వచ్చినట్టు, కాగితం అంచు వేలితో నిమిరి సరిచేశాడు. దాన్ని తిప్పి వెనకవైపు చూశాడు. మళ్ళీ తిప్పాడు. చివరి వరుస మీద వేలు పెట్టి, 'మా' అన్న అక్షరం దగ్గర ఆపాడు.

"క్షమించమని అడగను చిన్నీ. అడిగే మొహం లేదు," అన్నాడు. ఆ తర్వాత తలెత్తి, ఆమె ఎన్నడూ చూడని భయంతో ఆమెని చూశాడు. "రెండో పేజీ కూడా ఆ టైపు మాస్టారి దగ్గరే ఉందా? ఎవరికి చెప్పానో నువ్వు చదివావా?"

ఆ కాగితం ఎవరిచ్చారో ఆమె ఇంకా చెప్పనే లేదు.